బసవమ్మ కట్టిన యమపురి

మా తోడికోడలు బసవమ్మ నరకాన్ని కట్టింది. మాటవరసకు అనడం లేదు. గుంజలు పాతి, తడికెలు నిలబెట్టి, గోనెపట్టాలు కుట్టి, మట్టితో మనుషుల్ని చేసి, తిరునాళ్ళ తిరునాళ్ళకీ కట్టింది. జాతర ముగియగానే విప్పి బండికెత్తేవాళ్ళం. పెనుగంచిప్రోలు, వేదాద్రి, నందిగామ చుట్టుపక్కల ఊళ్ళు, ఎక్కడ జనం చేరితే అక్కడ మా యమపురి వెలిసేది. ఆ గుడారంలో దూరి వచ్చినవాళ్ళు ఇప్పటికీ కొందరు ఉన్నారు. దాన్ని కట్టింది మా బావగారు వెంకటరత్నం అని చెప్పుకుంటారు. బోర్డు మీద మగవాడి పేరు ఉంటే జనానికి ఇంకో సాక్ష్యం అక్కర్లేదు. గుమ్మం దగ్గర కూర్చుని టిక్కెట్లు చింపింది నేను. లోపల ఏ బొమ్మను ఎవరు నిలబెట్టారో నాకంటే ఎవరికీ తెలియదు కాబట్టి నేనే రాస్తున్నాను.

మాది జగ్గయ్యపేటలో కుండలు చేసే ఇల్లు. అన్నదమ్ములిద్దరు. బావగారికి చెయ్యి ఉంది, నోరు లేదు. మా ఆయన బ్రహ్మయ్యకు నోరు ఉంది, చెయ్యి లేదు. బసవమ్మకు రెండూ ఉన్నాయి గనక ఇల్లు నడిచింది. వీరులపాడు నుంచి కోడలిగా వచ్చిన కొత్తలోనే మామగారు చేసిన ఏనుగు బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది నిలబడింది గానీ నడవదు మావయ్యా" అందట. ఆయన ఆ ఏనుగును పిసికి మళ్ళీ ముద్ద చేసేశాడు. అలాంటి మనిషి.

ఆవిడకు ఒక్కతే కూతురు, రత్నమణి. మణి అనేవాళ్ళం. ఆంధ్ర రాష్ట్రం రావడానికి ముందు ఏడాది, ఓ తిరునాళ్ళలో బొమ్మలు అమ్ముకుని బండి మీద తిరిగి వస్తుంటే పిల్లకు వాంతులు పట్టుకున్నాయి. నందిగామ చేరి డాక్టరుకు చూపిద్దామని ఎద్దుల్ని తోలాం. చేరలేదు. మున్నేటి గట్టు మీదే పూడ్చాం. చిన్నపిల్ల గనక దహనం లేదు, పెద్దదినం లేదు, గోదానం లేదు. పసిదానికి కర్మలేమిటి అన్నారు పెద్దలు. ఆ వానాకాలం ఏరు పొంగి ఆ గట్టునే కోసుకుపోయింది. బసవమ్మ వెళ్ళి చూసేసరికి పిల్లను పెట్టిన చోట నీళ్ళు పారుతున్నాయి.

ఇంటికి వచ్చి కులపెద్దను అడిగింది.

"ఆవును దానమివ్వకపోతే నా బిడ్డ వైతరణి ఎట్టా దాటుద్ది?"

"పసిపిల్లలకు వైతరణి లేదు తల్లీ. పాపం చేసినోళ్ళకేగా ఆ ఏరు."

"పాపం చెయ్యనోళ్ళకి ఏరు అడ్డం రాదా? మరి మున్నేరు వచ్చిందిగా" అంది.

ఆయన కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు.

మా వైపు ఆ నమ్మకం గట్టిది. చచ్చినవాడు యముడి దగ్గరకు పోయే దారిలో నెత్తురు పారే ఏరు ఒకటి ఉంటుంది. బతికినవాళ్ళు వాడి పేరున ఆవును దానం చేస్తే, ఆ ఆవు అక్కడికి వచ్చి నిలబడుతుంది. దాని తోక పట్టుకుని వాడు అవతలి గట్టుకు చేరతాడు. ఆవు లేనివాడు ఈ గట్టునే ఉండిపోతాడు.

బసవమ్మ ముందు ఆవును చేసింది. వెదురుబద్దలు, వరిగడ్డి, దానిమీద గోనెపట్టా, దానిమీద మట్టి. నిజం ఆవంత ఆవు. తోకకు జనపనార. దాన్ని ఇంట్లో పెట్టుకోవడానికి చోటు లేక పెరట్లో పందిరేశాం. జనం వచ్చి చూడసాగారు. అప్పుడు మా ఆయనే అన్నాడు, "వదినా, యమపురి కడదాం. తిరునాళ్ళకు తీసుకుపోదాం" అని. ఆయన మనసులో జనం ఉన్నారు. ఆవిడ మనసులో ఏమున్నదో అప్పుడు మాకెవరికీ తట్టలేదు. ఆవు చుట్టూ ఏరు వచ్చింది, ఏరుకు ముందు దారి వచ్చింది, దారి మొదట్లో చిత్రగుప్తుడి కచేరీ వచ్చింది. ఇల్లు కట్టేవాళ్ళు గడప నుంచి మొదలుపెడతారు. ఆవిడ చివరినుంచి వెనక్కి కట్టుకుంటూ వచ్చింది.

తెరలు రాయడానికి ఇశ్రాయేలు వచ్చాడు. దుకాణాల బోర్డులు రాసేవాడు. మొదటి తెర మీద చక్కగా నీలంరంగు ఆకాశం వేశాడు.

"చెరిపెయ్యి" అంది బసవమ్మ.

"ఆకాశం లేకుండా ఎట్టాగక్కా? నరకానికైనా పైన ఏదో ఒకటి ఉండాలిగా."

"ఆకాశం కనపడితే ఇంటికి పోవచ్చులే అనుకుంటాడు లోపలికొచ్చినోడు. ఇటుకపొడి, మసి. ఆ రెండే నీ రంగులు."

"మా పాస్టరుగారు చూస్తే నన్ను సంఘంలోనుంచి వెళ్ళగొడతారు."

"ఏం, మీకు నరకం లేదా?"

"ఉందక్కా. కానీ మాది ఒకటే మంట. మీదాంట్లో మరీ వంటిల్లు ఎక్కువ" అన్నాడు, నూనె కాగే కొప్పెర కేసి చూస్తూ.

ఆ రెండు రంగులతోనే అన్ని తెరలూ రాశాడు. నేల మీద సున్నపురాయి గని నుంచి తెచ్చిన తెల్లపొడి పరిచేవాళ్ళం. అడుగు చప్పుడు ఉండేది కాదు. దీపాలు ఆముదానివే. ఎక్కడా ఒక మలుపు నుంచి ఇంకో మలుపు కనపడకూడదు, బయట రంగులరాట్నం పాట వినపడకూడదు. అందుకని గోనెపట్టాలు రెండు వరసలు కట్టించేది. లోపలికి పోయినవాడు మనం ఏ ఊళ్ళో ఉన్నామో మరిచిపోయేవాడు. తిట్టుకుంటూ వచ్చిన మొగుడూ పెళ్ళాలు చేతులు పట్టుకుని బయటపడటం నేను చూశాను.

పేరు వచ్చాక ప్రతివాడూ సలహాలిచ్చేవాడే. ఒకడు మాట్లాడే చిలకను పెట్టమన్నాడు. ఒకడు రెండు తలల దూడ ఉందన్నాడు. మా ఆయనకు అన్నీ కావాలి. బసవమ్మ ఎవరికైనా ఒకటే ప్రశ్న వేసేది.

"చచ్చినోడికి ఇది దారిలో ఎక్కడ ఎదురొస్తది?"

జవాబు చెప్పగలిగితే పెట్టేది. మనిషిని నిలువునా కోసే రంపం పెట్టమని ఇశ్రాయేలు అడిగితే కచేరీకీ కొప్పెరకీ మధ్య చోటు చూపించింది. ఆ రంపానికి కొత్త చెక్క వాడారని ఒప్పుకోక, పొగలో పెట్టి నల్లబరిచాకే లోపలికి రానిచ్చింది. "ఇది నిన్న వచ్చినట్టు కనపడకూడదు. యముడు పుట్టినప్పటినుంచి ఇక్కడే ఉన్నట్టుండాలి" అంది. చిలకకు జవాబు దొరకలేదు. దూడకూ దొరకలేదు. మా ఆయన ఆ దూడ కోసం మైలవరం దాకా పోయి వచ్చి, భోజనం చెయ్యకుండా పడుకున్నాడు. ఆకలేస్తే తనే లేస్తాడని నేను పిలవలేదు.

ఆ వైతరణి ఏటి సంగతి చెప్పాలి. తవ్విన కాలవలో ఎర్రమట్టి కలిపిన నీళ్ళు, పక్కన మనుషులు నడవడానికి బల్లల వంతెన, ఆవును దాటబోయే చోటినుంచి ఏటి వైపు తడిక అడ్డం. నీళ్ళ నడుమ ఆవు, అవతలి గట్టుకేసి పోతున్నట్టు. దాని తోక పట్టుకుని ఒక పిల్ల. పిల్ల మనకు వీపు పెట్టి ఉండేది. రెండు జడలు, పరికిణీ, నీళ్ళలో మునిగిన కాళ్ళు. అంతే కనపడేది. పాపుల బొమ్మల ముందు గోల చేసే జనం అక్కడికి రాగానే నోరు మూసుకునేవాళ్ళు. అది మణి అని చెప్పక్కర్లేదు. ఇంట్లో ఎవరం ఎప్పుడూ ఆ పేరు ఎత్తలేదు.

ప్రతి తిరునాళ్ళలోనూ పిల్లను అక్కడే, నీళ్ళ నడుమనే పెట్టేది. ఓసారి నేనే అన్నాను, "ఏడాదికి ఒక అడుగన్నా ముందుకు జరపకూడదా అక్కా" అని. ఆవిడ తోకకు నార పేనుకుంటూ కూర్చుంది.

మా కులంలో బొమ్మకు కళ్ళు చివర దిద్దుతారు. అన్నీ అయ్యాక, నిలబెట్టే చోట నిలబెట్టాక, కాటుకతో. కళ్ళు దిద్దేదాకా అది మట్టి. దిద్దాక ఇక మట్టి అనకూడదు, కాలు తగిలితే దణ్ణం పెట్టుకోవాలి. బండి మీద తెచ్చేటప్పుడు రంగు రాలుతుంది గనక తిరునాళ్ళ మొదటి పొద్దున బసవమ్మ ఒక్కతే లోపలికి పోయి అన్ని బొమ్మలకూ మళ్ళీ కళ్ళు దిద్ది వచ్చేది. ఆ సమయంలో బావగారిని కూడా రానిచ్చేది కాదు. లోపల ఎవరితోనో మాట్లాడుతున్నట్టు వినపడేది. జనం లేని మిట్టమధ్యాహ్నాలు కూడా ఏటి దగ్గర మాటలు వినపడేవి. తెల్లపొడి మీద ఏటి గట్టున చిన్న పాదాల గుర్తులు ఉన్నాయని చీపురు పట్టుకుని నాకు చూపించింది ఒకసారి. తిరునాళ్ళలో పిల్లలకు కొదవా అన్నాను. "ఇంకా గుడారం తెరవలేదుగా రత్తమ్మా" అంది. ఆవిడే ఊడ్చేసింది. నేను ఆ పూట లోపలికి వెళ్ళలేదు.

అరవై రెండులో ఓటింగు హడావిడి అయిపోయాక పెనుగంచిప్రోలు తిరునాళ్ళకు పోతే, మా గుడారం ఎదురుగానే కొత్త కంపెనీవాళ్ళు దిగి ఉన్నారు. పెద్ద చక్రం, కరెంటు దీపాలు, మైకు, సినిమా పాటలు. మా గుమ్మం ముందు ఈగలు తోలుకుంటూ కూర్చున్నాను. రెండో రోజు మా ఆయన మాయమై, బెజవాడ నుంచి లారీ మీద అద్దాలు దింపాడు. ఏదో ఆట కంపెనీ మూతపడితే అమ్మకానికి పెట్టినవట. ఒకదాంట్లో మనిషి గుమ్మడికాయలా, ఒకదాంట్లో తాటిచెట్టులా కనపడతాడు. వాటితోపాటు మామూలు నిలువుటద్దం ఒకటి, మనిషి ఎత్తుకు మించినది.

"చిత్రగుప్తుడి పక్కనే పెడదాం వదినా. జనం పడీ పడీ నవ్వుతారు."

"నరకంలో నవ్వు ఎందుకు మరిదీ?"

"నవ్వకపోతే ఎదురుగా ఉన్న చక్రమెక్కుతున్నారు."

"ఎక్కనీ. దిగాక కడుపులో తిప్పి ఇటే వస్తారు."

"ఎప్పుడూ ఇదే. నీ ఒక్కదానిదేనా ఈ యమపురి?"

ఆ మాటకు బసవమ్మ అతనికేసి చూసింది. మెల్లగా అంది, "ఈ దారిన పోయేవాళ్ళున్నారు బ్రహ్మయ్యా. మధ్యలో అద్దం పెట్టి వాళ్ళ ముఖాలు వాళ్ళకే వంకరగా చూపిస్తే, ఇది మనం కాదు, మన దారి ఇది కాదు అని వెనక్కి తిరుగుతారు. అటు పోరు, ఇటు రాలేరు."

అయినా మా ఆయన పట్టు వదల్లేదు. బావగారు తల వంచుకుని బీడీ కాలుస్తున్నాడు. ఇద్దరి మధ్య నలిగేది ఎప్పుడూ ఆయనే. కాసేపటికి బసవమ్మ లేచి ఆ నిలువుటద్దం ముందు నిలబడింది. చాలాసేపు నిలబడింది.

"వంకరవి వెనక్కి పంపెయ్యి. ఇది పెట్టుకుందాం."

"ఎక్కడ?" అన్నాడు మా ఆయన. తర్వాత ఆవిడ ప్రశ్న ఆవిడకే వేశాడు. "చచ్చినోడికి ఇది ఎక్కడ ఎదురొస్తది?"

"అవతలి గట్టు మీద. ఏరు దాటినోడు ఒక్కసారి వెనక్కి చూస్తాడు. మనల్నీ, ఇంటినీ, వచ్చిన దారినీ. అది ఈ అద్దం చూపిస్తది."

ఇశ్రాయేలు దాని చట్రానికి మసి పూశాడు. అంచులు ఇటుకపొడితో మరక చేశాడు. అవతలి గట్టున, ఇవతలివాళ్ళకు ఎదురుగా నిలబెట్టారు. ఆముదం దీపాల వెలుగులో అది అద్దంలా లేదు. ఏటికి అవతల ఇంకో గుడారం, అందులోనూ మలుపులు, మంటలు ఉన్నట్టుంది. అంతకు ముందునుంచీ లేకపోతే ఎలా ఉండేదో గుర్తు రానంతగా కలిసిపోయింది. సరిచూడటానికి మా ఆయన దీపం పట్టుకు నిలబడితే, ఆవిడ అద్దం వెనక నిలబడి అటు జరపండి ఇటు జరపండి అని చెప్పింది. తను మాత్రం ముందునుంచి చూడలేదు. అది నేను తర్వాత ఆలోచించుకున్నాను.

తెరిచాం. మొదట లోపలికి వెళ్ళిన ఆడవాళ్ళు కాసేపటికి వెళ్ళిన గుమ్మంలోనుంచే పరుగెత్తుకొచ్చారు. ఒకావిడ నా భుజం పట్టుకుంది. "తల్లీ, ఆ పిల్ల ఇటొస్తంది" అంది. వెనకాలే ఇంకొంతమంది. ఈ సంగతి నోటా నోటా పాకి మధ్యాహ్నానికల్లా పెద్ద చక్రం ముందున్న జనం మా గుమ్మం ముందు చేరారు. మా ఆయన ముఖం వెలిగిపోయింది. అప్పుడు ఇశ్రాయేలు వెనకవైపు నుంచి వచ్చాడు. చేతిలో కుంచె అలాగే ఉంది.

"బసవమ్మక్కా, ఒకసారి లోపలికి రా. ఇటునుంచి రా, జనం వచ్చే దారిన."

ఆవిడ వెళ్ళింది. నేను టిక్కెట్ల డబ్బా మా ఆయన ఒళ్ళో పెట్టి వెనక వెళ్ళాను.

మలుపు తిరగ్గానే కనపడింది. ఇవతల, నీళ్ళలో ఆవు మనకు వెనక్కి తిరిగి పోతోంది. అద్దంలో అదే ఆవు మన మీదికి వస్తోంది. దాని వెనక, తోక పట్టుకుని మణి వస్తోంది. అన్నేళ్ళుగా వీపు మాత్రమే చూసిన పిల్లకు ముఖం ఉంది. మణి ముక్కే, మణి గడ్డమే, కింది పెదవి కొంచెం ముందుకు వచ్చి అలిగినట్టుండేది, అదీ అలాగే ఉంది. కళ్ళు లేవు. కళ్ళుండాల్సిన చోట నున్నటి మట్టి.

బసవమ్మ బల్ల మీద కూర్చుంది.

"కళ్ళు దిద్దలేదా అక్కా దీనికి?" అన్నాను.

"దిద్దితే నన్ను చూస్తదని."

"చూస్తే?"

"చూస్తే పోద్దా? అమ్మ కనపడిన పిల్ల ఏరు దాటుద్దా ఎక్కడన్నా? చూడకుండా పోనీలే అనుకున్నా. గుడ్డిదాన్ని ఏట్లో దింపాను రత్తమ్మా. అవతలి గట్టు ఎక్కడుందో దానికి కనపడితేగా. ఇన్నేళ్ళూ అక్కడే నిలబడిపోయింది."

మా ఆయన ఈలోపు లోపలికి వచ్చాడు. సంగతి అర్థమయ్యాక కూడా అన్నాడు, "ఇప్పుడేం ముట్టుకోవద్దు వదినా. జనం దాన్ని చూడటానికే వస్తున్నారు. తిరునాళ్ళు అయ్యేదాకా ఉండనీ."

అన్నేళ్ళలో బావగారు తమ్ముణ్ణి ఒక్క మాట అనగా నేను వినలేదు. ఆ రోజు ఆయన జనాన్ని పంపేసి, గుడారం గుమ్మానికి గోనెపట్టా దించేసి వచ్చాడు. "బయటికి పో బ్రహ్మయ్యా" అన్నాడు. మా ఆయన పోయాడు, వెనకే ఇశ్రాయేలూ పోయాడు. బావగారు కింద కూర్చుని దీపం మసిలో ఆముదం చుక్క వేసి వేలితో నూరడం మొదలుపెట్టాడు. ఎప్పుడూ ఆవిడే నూరుకునేది.

బసవమ్మ చీర తడవకుండా ఎగదోపుకుని ఏట్లోకి దిగింది. పిల్లకు ఎదురుగా వెళ్ళి నిలబడలేదు. వెనక మోకాళ్ళ మీద కూర్చుని, భుజం మీదుగా చెయ్యి చాచి, అద్దంలోకి చూస్తూ దిద్దింది. అద్దంలో రెండు ముఖాలూ పక్కపక్కనే ఉన్నాయి.

"నువ్వు కనపడుతున్నావు దానికి" అన్నాడు బావగారు.

"కనపడనీ" అంది. "ఏరు దాటేవాళ్ళు ఒకసారి చూడాలిగా. చూసి పోద్ది."

ఎడమ కన్ను దిద్దుతుంటే ఆయన "దానికి ఆ కన్ను కాస్త చిన్నది" అన్నాడు. ఆవిడ తల ఊపింది. కుడి కన్ను దిద్దింది. ముగ్గురం అద్దంలోకే చూస్తున్నాం. ఆ పిల్ల మమ్మల్ని ఒకరి తర్వాత ఒకరిని చూసిందని నేను అంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. నవ్వుకోండి. అక్కడున్నది మీరు కాదు.

తర్వాత దాని వేళ్ళు తోక మీదనుంచి ఒక్కొక్కటే విడదీసింది. ఎండిన మట్టి గదా, చిటికెనవేలు విరిగింది. విరిగిన ముక్కను నోట్లో పెట్టుకుని తడిచేసి మళ్ళీ అతికించింది. ఇద్దరూ పిల్లను ఎత్తుకుని అవతలి గట్టెక్కించారు. అద్దం అంచు దాటించి, బయటికి పోయే తెర పక్కన, నడిచి వెళుతున్నట్టు నిలబెట్టారు. ఇవతలినుంచి చూస్తే కనపడదు. బసవమ్మ అన్నేళ్ళుగా ఏటి దాకా వచ్చి, ఆ వచ్చిన దారినే వెనక్కి పోయేది. ఆ రోజు పిల్ల పక్కగా నడిచి, తెర తీసుకుని, తిరునాళ్ళలోకి బయటపడింది. బొమ్మను చూడటానికి తల తిప్పలేదు.

గోనెపట్టా ఎత్తాక మా ఆయన లోపలికి వచ్చి అద్దంలోకి చూశాడు.

"ఆవు ఒట్టిదే వస్తందేంటి వదినా?"

"దింపి వస్తంది" అంది బసవమ్మ.

అద్దం అక్కడే ఉండిపోయింది. తీసేద్దామని ఎవరూ అనలేదు. ఇప్పుడది దారిలో చోటున్న వస్తువే. అరవై ఎనిమిదిలో బసవమ్మ పోయేదాకా ఏ తిరునాళ్ళలో కట్టినా ఏటికి అవతల అద్దం, అందులో ఒంటరిగా మన మీదికి వచ్చే ఆవు. జనం పరుగులు మానేశారు. మలుపు తిరిగి ఆవును చూసి ఆగేవాళ్ళు. ఎవరూ చెప్పకుండానే బల్లల మీద పక్కకు ఒదిగి దానికి దారి ఇచ్చేవాళ్ళు. వెనక ఖాళీగా వేలాడే తోకకు చెయ్యి అందేంత దూరంలో నిలబడటానికి మాత్రం ఎవరికీ మనసొప్పేది కాదు. నాకూ ఒప్పలేదు. బసవమ్మ అక్కడే పీట వేసుకుని కూర్చునేది.